చందాపుర ఖాళీ సైట్లలో ప్రపంచ రికార్డులు

హోసూరు రోడ్డులో ఎలక్ట్రానిక్ సిటీ, బొమ్మసంద్ర దాటగానే చందాపుర వస్తుంది. బెంగళూరు నగర జిల్లా, ఆనేకల్ తాలూకా. హిందూపురం నుంచీ కుప్పం నుంచీ ఉద్యోగాలకు వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్న తెలుగువాళ్లు తక్కువేమీ కాదు. వన్యప్రాణుల ఫొటోలు తీయాలంటే వారాంతంలో కబినికో, బందీపూర్‌కో బండి కట్టాలని వీళ్లలో చాలామంది అనుకుంటారు. కానీ అపార్ట్‌మెంటు గోడకు అవతల జిల్లేడు, వయ్యారిభామ, లాంటానా పెరిగిన ఖాళీ సైటులో, బాల్కనీలోని కరివేపాకు కుండీలో, వంటింటి సింకు కింద ప్రపంచ స్థాయి రికార్డులున్న జీవులు తిరుగుతుంటాయి. వాటిని చూడటానికి జీపు సఫారీ అక్కర్లేదు. ఒక మ్యాక్రో లెన్స్, అదీ లేకపోతే ఫోను మీద తగిలించే క్లిప్ లెన్స్, మోకాళ్ల మీద కూర్చునే ఓపిక ఉంటే చాలు.

సముద్రం దాటే తూనీగ

వానలు తగ్గే రోజుల్లో సాయంత్రం పూట లేఅవుట్ల మీద గుంపులుగా తేలుతూ తిరిగే పసుపు రంగు తూనీగలను అందరూ చూసే ఉంటారు. దాని పేరు గ్లోబ్ స్కిమ్మర్. శాస్త్రీయ నామం పాంటాలా ఫ్లావెసెన్స్. ఒళ్లు నాలుగున్నర సెంటీమీటర్లు. కీటకాలన్నిటిలోకీ అతి దూరం వలసపోయేది ఇదేనని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. మాల్దీవుల్లో పనిచేసిన జీవశాస్త్రవేత్త చార్లెస్ ఆండర్సన్‌కు ఒక సందేహం వచ్చింది. ఆ దీవుల్లో మంచినీటి చెరువులే దాదాపు లేవు, మరి ఏటా అక్టోబరు నుంచి లక్షలాది తూనీగలు ఎక్కడి నుంచి దిగుతున్నాయి? ఆయన ఏళ్ల తరబడి లెక్కలు రాసుకుని 2009లో జవాబు ప్రకటించారు. అవి భారతదేశం నుంచి బయల్దేరి, గాలివాటున హిందూ మహాసముద్రం మీదుగా తూర్పు ఆఫ్రికా చేరుతున్నాయి. వాటి సంతతి మళ్లీ నైరుతి గాలులతో ఇటు వస్తుంది. రాకపోకలు కలిపితే 14,000 నుంచి 18,000 కిలోమీటర్లు. ఒకే తూనీగ ఇదంతా తిరగదు, నాలుగు తరాలు ఆ దారిని పంచుకుంటాయి.

ఫొటోగ్రాఫరుకు ఇది కష్టమైన జీవి, ఎందుకంటే వాలదు. మిగతా తూనీగలు కొమ్మ చివర జెండాలా నిలబడి పోజులిస్తాయి, ఇది గంటల తరబడి గాల్లోనే ఉంటుంది. దొరికేది తెల్లవారుజామున మాత్రమే. రాత్రి ఏ ఎండుపుల్లకో నిలువుగా వేలాడుతూ గడిపి, ఒంటి మీద మంచు ఆరేదాకా కదల్లేదు. ఆ అరగంటలో దగ్గరికి వెళ్లి కంటిలోకి ఫోకస్ చేయవచ్చు. తూనీగ కంట్లో సుమారు 30 వేల చిన్న కళ్లు ఇమిడి ఉంటాయి. మంచి మ్యాక్రో ఫొటోలో వాటి వరుసలు కనబడతాయి. ఆ కళ్ల వల్లే అది వేటలో కూడా మేటి. పరిశోధనశాలలో చూస్తే తూనీగలు వెంటాడిన ఈగల్లో నూటికి 95ను పట్టేశాయి. పులికి గానీ, సింహానికి గానీ ఆ లెక్క దరిదాపుల్లో లేదు.

మూల గదిలో ఉన్నవి

మన ఇళ్లలో సాయంత్రం చెవి దగ్గర పాడే దోమ క్యూలెక్స్. దాని రెక్క సెకనుకు సుమారు 800 సార్లు కొట్టుకుంటుంది. 2017లో లండన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీ పరిశోధకులు సెకనుకు 10,000 ఫ్రేములు తీసే ఎనిమిది కెమెరాలు చుట్టూ పెట్టి సరిగ్గా ఈ జాతి దోమనే చిత్రీకరించారు. రెక్క ఊగే కోణం 40 డిగ్రీలకు అటూ ఇటూగా తేలింది. గాల్లో నిలిచి ఎగిరే జీవుల్లో అప్పటిదాకా కొలిచిన వాటన్నిటికన్నా ఇదే తక్కువ. ఇంత చిన్న ఊపుతో ఒళ్లు మోసుకుపోవడానికి రెక్క కొట్టే గాలిలోంచే పుట్టే సుడులను మళ్లీ వాడుకుంటుందట. దోమను ఇష్టపడమని ఎవరికీ చెప్పలేం గానీ, దాని రెక్క అంచున ఉన్న పొలుసుల వరుసను ఒకసారి దగ్గరగా చూసినవాళ్లకు అది ఎంత నేర్పుగా తయారైన జీవో అర్థమవుతుంది.

బొద్దింక పరుగు సెకనుకు ఒకటిన్నర మీటరు, అంటే తన పొడవుకు 50 రెట్లు. 1991లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ఈ వేగాన్ని కొలిచినప్పుడు ఇంకో వింత బయటపడింది. పూర్తి వేగం అందుకున్నాక అది ముందు కాళ్లు ఎత్తేసి, వెనక రెండు కాళ్ల మీద పరుగెత్తుతోంది!

దీన్ని మించిన పరుగు టైగర్ బీటిల్‌ది. ఆస్ట్రేలియాలోని ఒక జాతి సెకనుకు రెండున్నర మీటర్లు పోతుంది. దాని చుట్టాలు మన మట్టిబాటల మీద, చెరువు గట్ల మీద ఉన్నాయి. చూసినప్పుడు ఒక సంగతి గమనించండి. అది పరుగెత్తుతుంది, ఆగుతుంది, మళ్లీ పరుగెత్తుతుంది. పరుగులో ఉన్నప్పుడు దాని కళ్లకు చాలినంత వెలుతురు అందక ఎర కనబడదు. అందుకే ఆగి, చూసుకుని, మళ్లీ అందుకుంటుంది. షట్టర్ నొక్కాల్సింది ఆ ఆగిన క్షణంలోనే.

చీమలకు ఎక్కువ చోటు ఇవ్వాలి

ప్రపంచంలో చీమలెన్ని? 2022లో వచ్చిన ఒక అంచనా ప్రకారం 20 వేల లక్షల కోట్లు. ఇంటి చుట్టూ ఫొటో తీయడానికి వీటిని మించిన పాఠశాల లేదు. అస్తమానం కదులుతాయి, నల్లగా మెరుస్తాయి, తల మిల్లీమీటరే. చీమ ముఖాన్ని సరిగా తీయగలిగినవాడు ఇంకేదైనా తీయగలడు. లిథువేనియాకు చెందిన యూజినియస్ కావలియౌస్కాస్ తీసిన చీమ ముఖం 2022 నికాన్ స్మాల్ వరల్డ్ పోటీలో మొదటి బహుమతి గెలవలేదు గానీ, ప్రపంచమంతా మాట్లాడుకున్నది ఆ ఫొటో గురించే. ఎర్రటి కళ్లు, పళ్లు ఉన్న రాక్షసుడిలా కనబడుతుందది. నిజానికి ఆ ఎర్రటివి కళ్లు కావు, మీసాలు మొలిచే చోట్లు. వెలుతురు పడే తీరు ఎంత మాయ చేస్తుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

మామిడి, నేరేడు చెట్ల మీద ఆకులను కలిపి కుట్టి గూడు కట్టే ఎర్ర చీమలు ఉన్నాయి కదా, వాటి ఖాతాలో మూడు విశేషాలున్నాయి. మొదటిది కుట్టుపని. పెద్ద చీమకు దారం రాదు, పిల్ల పురుగుకు వస్తుంది. అందుకని పెద్దవి పిల్లను నోట కరచుకుని, రెండు ఆకుల అంచుల మధ్య అటూ ఇటూ ఆడిస్తూ పట్టుదారంతో కుట్టేస్తాయి. రెండోది బలం. 2010లో బ్రిటన్‌లో జరిగిన శాస్త్రీయ ఫొటోల పోటీలో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరిశోధకుడు థామస్ ఎండ్లైన్ తీసిన ఫొటోకు మొదటి బహుమతి వచ్చింది. నున్నటి గాజులాంటి పలక మీద తలకిందులుగా నిలబడిన ఈ ఎర్ర చీమ, తన బరువుకు వంద రెట్లకు పైగా ఉన్న అర గ్రాము తూనికను నోట పట్టుకుని ఉంటుంది. మూడోది చరిత్ర. క్రీ.శ. 304 నాటి చైనా గ్రంథంలో నారింజ తోటల రైతులు పురుగుల బెడదకు ఈ చీమల గూళ్లు సంతలో కొని చెట్లకు కట్టేవారని రాసి ఉంది. ఒక పురుగుతో ఇంకో పురుగును అదుపు చేయడం గురించి లోకంలో దొరికే అతి పాత రాతల్లో ఇదొకటి.

ఈ చీమల బారు ఫొటో తీసేటప్పుడు కాళ్లు లెక్కపెట్టండి. ఎనిమిది కనబడితే అది చీమ కాదు, చీమ వేషం వేసుకున్న సాలీడు. ముందు కాళ్లు రెండూ పైకెత్తి మీసాల్లా ఆడిస్తూ తిరుగుతుంది. చీమల్లా కలిసి తిరగదు, కాస్త ఎడంగా ఉంటుంది. మగదాని కోరలు ఎంత పొడవంటే, చూడటానికి ఒక చీమ ఇంకో చీమను మోసుకుపోతున్నట్టే ఉంటుంది.

ఇక నాకు అన్నిటికన్నా ప్రియమైన చీమ గురించి. పొద్దున్నే చెట్ల కింద ఎండుటాకుల మీద ఒంటరిగా వేటాడుతుంది. పెద్ద కళ్లు, పైకి వంగిన పొడవాటి దవడలు. భయపడితే గంతేస్తుంది. చీమ గంతేయడమేమిటని మొదటిసారి చూసినవాళ్లు నమ్మరు. హార్పెగ్నథోస్ సాల్టేటర్ అనే ఈ చీమను 1851లో లోకానికి పరిచయం చేసినవాడు థామస్ జెర్డన్. నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన ఆయన, అక్కడి యానాదులను అడిగి స్థానిక జీవుల పేర్లు, అలవాట్లు తెలుసుకున్నాడు. కడప అడవుల్లోని కలివికోడికి ఇంగ్లీషులో ఉన్న పేరు కూడా ఈ జెర్డన్‌దే. పక్షి వల్ల ఆయన మనకు గుర్తున్నాడు, దక్షిణ భారత చీమల జాబితా రాసిన సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు. అది సరిదిద్దాల్సిన మరుపు.

ఈ గెంతు చీమ రికార్డు మామూలుది కాదు. 2010లో ప్రపంచంలో మొట్టమొదటగా జన్యుపటం పూర్తిగా చదివిన చీమలు రెండే, అందులో ఇదొకటి. పుట్టలో రాణి చనిపోతే కూలి చీమలు మీసాలతో రోజుల తరబడి పోటీ పడతాయి. గెలిచినవి గుడ్లు పెట్టే పదవికి వెళతాయి. ఏడు నెలలు బతకాల్సిన చీమ ఆ తర్వాత నాలుగేళ్ల దాకా బతుకుతుంది, మెదడు మాత్రం అయిదో వంతుకు పైగా కుంచించుకుపోతుంది. 2021లో పరిశోధకులు అలాంటి చీమలను వేరుచేసి మళ్లీ కూలిదశకు తెచ్చారు. మెదడు తిరిగి పెరిగింది! కుంచించిన మెదడును మళ్లీ మునుపటి పరిమాణానికి పెంచుకోగల కీటకం ఒకటుందని తెలియడం అదే మొదటిసారి.

చీమల వేట ఇంకా అయిపోలేదు. బెంగళూరులోని ఏట్రీ సంస్థ శాస్త్రవేత్తలు అరుణాచల్ ప్రదేశ్ సియాంగ్ లోయలో లోహంలా మెరిసే నీలి చీమను కనుగొని 2024లో ప్రకటించారు. పొడవు రెండు మిల్లీమీటర్లు కూడా లేదు. పేరు పారాపారాట్రెకినా నీలా.

జిల్లేడు మీద పురాతన సుందరి

ఖాళీ సైటులో జిల్లేడు ఉందంటే దాని చుట్టూ నారింజ రంగు ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక తప్పకుండా ఉంటుంది. మనిషి బొమ్మ గీసిన తొలి సీతాకోకచిలుకల్లో ఇదొకటి. ఈజిప్టులోని లక్సర్ దగ్గర 3,500 ఏళ్ల నాటి గోడచిత్రంలో దీన్ని గుర్తుపట్టవచ్చు. గొంగళి పురుగుగా జిల్లేడు పాలలోని విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది కాబట్టి పిట్టలు దీని జోలికి రావు. అందుకే తొందరపడకుండా, బద్ధకంగా ఎగురుతుంది. మ్యాక్రో నేర్చుకునేవాళ్లకు మొదటి పాఠం దీంతోనే మొదలుపెట్టమంటాను. అదే చెట్టు మీద పసుపు, నీలం చారల మిడత కూడా దొరికితే ఆ పొద్దు పండినట్టే.

సైజుల సంగతికొస్తే, కర్ణాటక రాష్ట్ర సీతాకోకచిలుక సదరన్ బర్డ్‌వింగ్. 1932 నుంచి 190 మిల్లీమీటర్ల రెక్కల వెడల్పుతో దేశంలో అతిపెద్ద సీతాకోకచిలుక కిరీటం దీనిదిగానే ఉండేది. ఉత్తరాఖండ్‌లోని దీదీహాట్‌లో దొరికిన గోల్డెన్ బర్డ్‌వింగ్ ఆడది 194 మిల్లీమీటర్లు తేలి, 88 ఏళ్ల రికార్డును 2020లో బద్దలుకొట్టింది. తేడా నాలుగే మిల్లీమీటర్లు. రెండో కొసన ఉన్నది గ్రాస్ జ్యువెల్. రెక్కలు పూర్తిగా విప్పినా రెండు సెంటీమీటర్లు దాటడం అరుదు. బర్డ్‌వింగ్ కోసం కొండలెక్కాలి, ఇది మాత్రం కాలికింది గడ్డిలోనే ఉంటుంది. చందాపురకు పడమర ఉన్న బన్నేరుఘట్టలో 2006లో దేశంలోనే మొదటి సీతాకోకచిలుకల పార్కు తెరిచారు. పిల్లలను తీసుకెళ్లండి. కానీ ఫొటో సాధనకు కప్పు కింద ఉన్నవాటి కన్నా జిల్లేడు మీద ఉన్నవే మేలు.

కంటికి ఆనని కందిరీగలు

ప్రపంచంలో అతి చిన్న కీటకం అమెరికాలో దొరికిన ఒక ఫెయిరీఫ్లై కందిరీగ మగది. పొడవు 0.139 మిల్లీమీటర్లు. రెక్కలూ లేవు, కళ్లూ లేవు. దానికి దూరపు చుట్టం మన రైతులకు బాగా తెలుసు, ట్రైకోగ్రామా. అర మిల్లీమీటరు ఉండే ఈ కందిరీగ, పంటను తినే పురుగుల గుడ్లలో తన గుడ్లు పెట్టి వాటిని చంపుతుంది. చెరకు, వరి రైతులు తోటలో కట్టే ట్రైకోకార్డు మీద సుమారు 20 వేల గుడ్లుంటాయి. ఆ గుడ్లు దేనివనుకున్నారు? వంటింట్లో బియ్యం, రవ్వ డబ్బాల్లో గూళ్లు అల్లే చిమ్మటవి. ఇంట్లో మనల్ని విసిగించే ఆ చిమ్మటను ప్రయోగశాలల్లో పనిగట్టుకుని పెంచుతారు. ఈ మేలు చేసే కీటకాల మీద దేశానికంతటికీ పెద్దదిక్కు, జాతీయ వ్యవసాయ కీటక వనరుల బ్యూరో, బెంగళూరు హెబ్బాళలోనే ఉంది.

చిమ్మటల్లో ఇంకో రికార్డు. తేనెపెట్టెల్లో మైనం తినే చిమ్మట 3 లక్షల హెర్ట్జ్‌ల శబ్దం దాకా వినగలదని 2013లో స్కాట్లాండ్‌లోని స్ట్రాత్‌క్లైడ్ విశ్వవిద్యాలయం తేల్చింది. మనకు వినబడేది 20 వేల దాకే. జంతులోకంలో ఇంత ఎత్తు శబ్దం వినే చెవి ఇంకోటి అప్పటికి తెలియదు.

ఎనిమిది కాళ్ల అతిథులు

సాలీళ్లు, నల్లులు (మంచం నల్లులు కాదు, మైట్లు) కీటకాలు కావు. అయినా తెలుగువాళ్ల మ్యాక్రో ఆల్బంలో రెండింటికి చోటు తప్పనిసరి. తొలకరికి దుక్కిలో కనబడే ఎర్రటి మఖమల్ ఆరుద్ర పురుగు ఒకటి. నల్లుల్లో ఎక్కువ జాతులు మిల్లీమీటరు కూడా దాటవు, ఇది సెంటీమీటరు దాటుతుంది. ప్రపంచంలో అతిపెద్ద నల్లుల్లో ఒకటి. దుక్కులు తగ్గి, మందులు పెరిగి మునుపటిలా కనబడటం లేదని ఊళ్లలో పెద్దలు అంటుంటారు. రెండోది నిజమైన తెలుగు బిడ్డ. అనంతపురం జిల్లా గుత్తిలో రైల్వే కలప మధ్య దొరికిన నీలి సాలీడును 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త వర్ణించాడు. తన ప్రజాతిలో నీలిరంగుది ఇదొక్కటే. వందేళ్ల పాటు మళ్లీ ఎవరికీ కనబడలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో తిరిగి దొరికింది. అంతర్జాతీయ ఎర్ర జాబితాలో తీవ్ర ప్రమాదంలో ఉన్న జీవుల వరుసలో ఉంది. పెంపుడు జంతువుల వ్యాపారులకు దీని మీద కన్ను ఎక్కువ. అందువల్ల ఎప్పుడైనా మీకు కనబడితే ఫొటో బయటపెట్టినా, చోటు మాత్రం పెట్టకండి.

కెమెరా వైపు రికార్డులు

పురుగు ఎంత ఉందో సెన్సర్ మీద అంతే సైజులో పడితే దాన్ని మ్యాక్రో అంటారు. ఆ దశలో ఎఫ్/8 దగ్గర కూడా స్పష్టంగా కనబడే మందం మిల్లీమీటరే. అయిదు రెట్లు పెంచితే అది ఇంకా ఎన్నో రెట్లు తగ్గిపోతుంది. కంటికి ఫోకస్ ఉంటే మీసానికి ఉండదు. అందుకే ఫోకస్‌ను కొద్దికొద్దిగా జరుపుతూ ఎన్నో ఫొటోలు తీసి, కంప్యూటరులో ఒకటిగా కలుపుతారు. మ్యాక్రోవాళ్లు స్టాకింగ్ అనేది దీన్నే. ఇందులో కొండంత పని చేసినవాడు ఇంగ్లండుకు చెందిన లెవాన్ బిస్. 2016లో ఆక్స్‌ఫర్డ్ ప్రకృతి చరిత్ర మ్యూజియంలో పెట్టిన ఆయన ప్రదర్శనలో ఒక్కొక్క పురుగు చిత్రం వెనక 8,000కు పైగా ఫొటోలున్నాయి. మూడు మీటర్ల దాకా పెంచి అచ్చేశారు. అవి మ్యూజియం దాచిన నమూనాలు. బతికున్న పురుగుతో ఇది సాధ్యం కాదు. చందాపుర చెట్టు మీది పురుగుకు పది, పదిహేను ఫ్రేములు దొరికితే అదే భాగ్యం.

పురుగును పెద్దది చేసి చూపే పనికి ఆద్యుల్లో ఒకడు కెమెరా లేని మనిషి. 1665లో రాబర్ట్ హుక్ తన మైక్రోగ్రాఫియాలో పేను బొమ్మను పెద్ద మడత కాగితం మీద అచ్చువేశాడు. తలలో పేనుకు అంత గౌరవం అంతకుముందెవరూ ఇవ్వలేదు.

ఒక ఫొటో శాస్త్రానికి ఎంత ఉపయోగపడుతుందో చెప్పడానికి వాలెస్ పెద్ద తేనెటీగ చాలు. ఆడదాని పొడవు 38 మిల్లీమీటర్లు, ప్రపంచంలో అతిపెద్ద తేనెటీగ. 1981 తర్వాత చాలాకాలం దాదాపు ఎవరికీ కనబడలేదు. 2019 జనవరిలో ఇండోనేషియా దీవుల్లో క్లే బోల్ట్ అనే ఫొటోగ్రాఫరు, శాస్త్రవేత్తల బృందంతో వెళ్లి, బతికున్న దాన్ని మొట్టమొదటిసారి ఫొటో తీశాడు.

నీళ్లు లేని చోట రెక్కలుండవు

గ్లోబ్ స్కిమ్మర్ పిల్లలు వాననీటి గుంటల్లో నెలన్నరలో పెరిగి రెక్కలు తొడుగుతాయి. మిగతా తూనీగ జాతుల్లో చాలావాటికి నెలల తరబడి నిలిచే చెరువు కావాలి. చందాపుర చెరువు కాలుష్యం మీద జాతీయ హరిత ట్రిబ్యునల్ 2022 అక్టోబరులో కర్ణాటక ప్రభుత్వం 500 కోట్ల రూపాయలు చెల్లించాలని ఆదేశించింది. ఒక చిన్న ఊరి చెరువు మీద అంత పెద్ద మొత్తం పడిందంటే దాని స్థితి ఊహించుకోవచ్చు. ఏ గట్టు మీద ఎన్ని రకాల తూనీగలు వాలుతున్నాయో చూస్తే ఆ నీళ్ల ఆరోగ్యం తెలుస్తుంది. తేదీ, చోటు రాసిన పదేళ్ల తూనీగ ఫొటోలు ఒక ఊరి దగ్గర ఉంటే, చెరువు బాగుపడుతోందో లేదో ఎవరూ దాచలేరు. అలాంటి ఆల్బం చందాపురకు ఉండాలన్నది నా గట్టి కోరిక.

మొదలుపెట్టేవాళ్లకు కొన్ని మాటలు. కదలకుండా ఉంటుందని పురుగును ఫ్రిజ్‌లో పెట్టి ఫొటో తీయడం కొందరు చేసే పని. అది చేయకండి. ఆకు తెంపకండి, గూడు విప్పకండి. అపార్ట్‌మెంటు సజ్జలకు వేలాడే కొండ తేనెటీగల పట్టు దగ్గరికి ఫ్లాష్‌తో అసలు వెళ్లకండి. చిమ్మటలకు తెల్ల దుప్పటి, దీపం చాలు. తీసిన ఫొటోను తేదీ, చోటుతో ఐనాచురలిస్ట్‌లో పెట్టండి. సీతాకోకచిలుకలైతే బెంగళూరు శాస్త్రవేత్తలు నడిపే బటర్‌ఫ్లైస్ ఆఫ్ ఇండియా ఉంది. పేరు తెలియకపోయినా పరవాలేదు, తెలిసినవాళ్లు చెబుతారు. ఏటా సెప్టెంబరు మన దేశంలో సీతాకోకచిలుకల నెల. ఈసారి మీ వీధిలోని ఒక్క ఖాళీ సైటును ఎంచుకుని, ఆ నెలంతా అక్కడ ఏం వాలిందో ఫొటో తీసి పెట్టండి. సైటు యజమాని గడ్డికి మందు కొట్టించబోతుంటే ఆ ఫొటోలు చూపించి, సెప్టెంబరు దాటేదాకా ఆగమని అడగండి.